రెండు మంటలు



2006వ సంవత్సరము వేసవిలో ఒక ఆదివారము. ఆరాధన ముగిసి బయటికి వస్తుంటే గుడి వాకిట్లో ఒక బల్ల, బల్ల మీద ఒక కాగితము కనబడ్డాయి. 'ది డావిన్సీ కోడ్' అనే ఇంగ్లీషు సినిమా మన ప్రభువును కించపరుస్తున్నది గనుక దానిని తమిళనాడులో ఆడనియ్యరాదని ప్రభుత్వానికి పంపే విన్నపము అది. నాకు ముందు నిలబడిన పెద్దలు సంతకాలు పెట్టారు. నేనూ పెట్టాను. పెన్ను జేబులో పెట్టుకుంటుండగా, కాలేజీలో చదువుకుంటున్న మా తమ్ముని కొడుకు పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు.

"పెదనాన్నా, మీరు ఆ సినిమా చూశారా?"

చూడలేదన్నాను.

"పోనీ, ఆ పుస్తకము చదివారా?"

అదీ లేదు. వాడు ఇంకేమీ అనలేదు. తల వంచుకొని వెళ్లిపోయాడు. నాకు మాత్రము ఆ రోజు భోజనము సయించలేదు. నలభై ఏండ్లు సంఘములో ఉన్నవాడిని. సాక్ష్యము చెప్పేవాడు తాను చూసినదీ విన్నదీ చెప్పాలని సండే స్కూలులో ఎన్నిసార్లు పిల్లలకు నేర్పానో లెక్క లేదు. ఆ రోజు మాత్రము నేను చూడనిదాని మీద సాక్ష్యము పలికి సంతకము చేశాను.

అప్పటి నుండి ఒక ప్రశ్న నాతో ఉన్నది. చెడ్డదని నమ్మిన సినిమాను నేను చూడకుండా ఉండడము ఒక సంగతి. దానిని ఎవరూ చూడకుండా చేయమని ప్రభుత్వాన్ని అడగడము మరొక సంగతి. ఈ రెండూ ఒకటేనా? దీనిని గూర్చి మీతో కలిసి ఆలోచించాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

పెద్దల భయము వట్టిది కాదు

మా నాయన నెల్లూరు వైపు నుండి పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో పనికి వచ్చినవాడు. మా యింట్లో సినిమా అన్న మాట పెద్దల ముందు ఎత్తేవారము కాము. బాప్తిస్మానికి ముందు పెద్దలు వరుసగా అడిగేవారు: తాగుతావా, పేకాడుతావా, సినిమాలకు పోతావా? ఈ రోజు యౌవనస్థులు ఈ మాట విని నవ్వుతారు. కాని ఆ పెద్దలు ఏమి చూసి అలా అడిగారో తెలుసుకోవాలి. జీతాల రోజు సాయంత్రము సారాయి కొట్టుకూ టాకీసుకూ పోయిన డబ్బు ఇంటికి తిరిగి వచ్చేది కాదు. బియ్యము లేక పక్కింటికి చేట పట్టుకొని వెళ్లిన తల్లులను వారు కళ్లారా చూశారు.

డబ్బు మాట అట్లుంచండి. వద్దంటున్న ఆడపిల్లను నాయకుడు వీధి వీధి వెంబడించి, చివరికి ఆమె చేత ప్రేమిస్తున్నానని అనిపించే కథలు మనము ఎన్ని చూడలేదు? నల్లగా ఉన్నవారిని, లావుగా ఉన్నవారిని, పాకీ పని చేసేవారిని హాస్యము పేరిట ఎగతాళి చేసిన చిత్రాలు ఎన్ని లేవు? ఒకసారి చూస్తే నవ్వు. నూరుసార్లు చూస్తే అలవాటు. అలవాటైన ఎగతాళి వీధిలోకి వస్తుంది.

"సినిమాదేముంది, చూసి మర్చిపోతారు" అని కొందరంటారు. అది నేను ఒప్పుకోను. 1978లో విజయచందర్ గారు ప్రభువుగా నటించిన 'కరుణామయుడు' వచ్చింది. తరువాత ఊరూరా తెల్లగుడ్డ కట్టి దానిని చూపించారు. సినిమా పాపమన్న నోళ్లే ఆ రాత్రి ముందు వరుసలో చాపలు పరిచాయి. సిలువ దృశ్యానికి ఏడ్చిన ముసలివారిని నేను చూశాను. బొమ్మకు మంచిని కదిలించే శక్తి ఉన్నదని నమ్మితే, చెడును కదిలించే శక్తి కూడా ఉన్నదని ఒప్పుకోవలసిందే. కాబట్టి సినిమాకు శక్తి ఉన్నదా లేదా అన్నది కాదు మన ప్రశ్న. కత్తెర ఎవరి చేతికి ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి అన్నది ప్రశ్న.

కత్తెర కథ

మన దేశములో సినిమాల మీద చట్టము 1918లో వచ్చింది. 1920లో బొంబాయి, కలకత్తా, మద్రాసు, రంగూను పట్టణాలలో సెన్సారు బోర్డులు ఏర్పడ్డాయి. వాటి మీద పెత్తనము పోలీసు అధికారులది. ఆ కత్తెర మొదట ఎవరి మీద పడిందో చూడండి. 1921లో 'భక్త విదుర' అనే మూగ చిత్రము వచ్చింది. మహాభారత కథే. కాని అందులో విదురుడు గాంధీగారి వేషములో, ఖద్దరు చొక్కాతో, తెల్లటోపీతో కనబడ్డాడు. కరాచీలోనూ మద్రాసులోనూ దానిని ఆపివేశారు. బూతు చూసి కాదు, టోపీ చూసి!

మన తెలుగువారి చిత్రమే ఇంకొకటి. అంటరానితనము మీద 'మాలపిల్ల' తీసిన గూడవల్లి రామబ్రహ్మముగారు 1939లో 'రైతుబిడ్డ' తీశారు. జమీందారీలలో రైతుల గోడు అందులో చూపించారు. పెద్ద జమీందారులు కన్నెర్ర చేశారు, తెల్లదొరల ప్రభుత్వము దానిని నిషేధించింది. శిస్తు కట్టలేక కొంపలు విడిచి వచ్చిన కుటుంబాలు మనలోనూ ఉన్నవి. మన తాతల కన్నీటి కథను తెర మీద చూపకుండా ఆపింది ఆ కత్తెరే.

స్వాతంత్ర్యము తరువాత 1952లో కొత్త సినిమాటోగ్రాఫ్ చట్టము వచ్చింది. మన రాజ్యాంగము 19వ అధికరణలో మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చింది. సభ్యత, నీతి, శాంతిభద్రతలు మొదలైన వాటి నిమిత్తము దానికి సమంజసమైన హద్దులు పెట్టవచ్చుననీ అక్కడే చెప్పింది. సినిమాను ముందుగా పరీక్షించడము ఈ స్వేచ్ఛకు విరుద్ధమని కె.ఎ. అబ్బాస్ గారు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1970లో కోర్టు ఆయన వాదన ఒప్పుకోలేదు. తక్కిన కళల కంటె సినిమా మనసును ఎక్కువగా కదిలిస్తుంది గనుక పరీక్ష ఉండవచ్చునన్నది. అయితే పరీక్షించేవారు స్వేచ్ఛకు తగినంత చోటు విడిచిపెట్టవలెనని కూడా గట్టిగా చెప్పింది.

1983లో సెన్సారు బోర్డు పేరు మార్చి ధృవీకరణ బోర్డు అన్నారు. పిల్లలు పెద్దల తోడుతో చూడదగిన చిత్రాలకు యు/ఎ అనే తరగతి అప్పుడే వచ్చింది. 2023లో చట్టము సవరించి ఆ తరగతిని 7, 13, 16 ఏండ్లుగా మూడు భాగాలు చేశారు. ఈ తేడాను మనము బాగా గమనించాలి. వయసు గుర్తు తల్లిదండ్రులతో మాట్లాడుతుంది: "అమ్మా, అయ్యా, ఇందులో ఫలానాది ఉన్నది, మీరే చూసుకోండి" అంటుంది. నిషేధము తల్లిదండ్రులతో మాట్లాడదు. వారి పనిని వారి చేతిలో నుండి తీసుకుంటుంది.

మనము అడిగిన నిషేధము

ఇక 2006 సంగతి. డాన్ బ్రౌన్ 2003లో వ్రాసిన నవల ఆధారముగా తీసిన ఆ సినిమాలో, ప్రభువు మగ్దలేనే మరియను వివాహమాడాడని, ఆ సంగతిని సంఘము దాచిపెట్టిందని కల్పన చేశారు. బోర్డువారు దానిని చూసి, ఇది కల్పిత కథ అనే ప్రకటన పెట్టించి, పెద్దలకు మాత్రమే అని అనుమతి ఇచ్చారు. అయినా తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు, మరి కొన్ని రాష్ట్రాలు దానిని నిషేధించాయి. బాప్టిస్టులు ఎక్కువగా ఉన్న నాగాలాండ్ కూడా వాటిలో ఉన్నది. మన విన్నపము నెగ్గిందని గుడిలో స్తుతి ప్రార్థన జరిగింది. నేనూ ఆమేన్ అన్నాను.

ఆ ఆమేన్ ఎక్కువ రోజులు నిలువలేదు. జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, జూలైలో మద్రాసు హైకోర్టు ఆ నిషేధాలను కొట్టివేశాయి. అధికారము గల బోర్డు చూసి అనుమతించిన చిత్రాన్ని, కొందరు అభ్యంతరము చెప్పారన్న కారణము మీద ప్రభుత్వము ఆపకూడదన్నాయి.

ఈ తీర్పుల వెనుక 1989 నాటి మరొక తీర్పు ఉన్నది. అది తమిళనాడులోనే పుట్టిన వ్యాజ్యము. 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే చిత్రము కులమును బట్టి ఇచ్చే రిజర్వేషన్లను తప్పుపట్టింది. దానిని ఆడనిస్తే అల్లర్లు జరుగుతాయన్నారు. మద్రాసు హైకోర్టు అనుమతిని రద్దు చేసింది. సుప్రీంకోర్టు మళ్లీ ఇచ్చింది. అల్లరి చేస్తామని బెదిరించేవారికి లొంగడము ప్రభుత్వము పని కాదు, మాట్లాడేవానికి రక్షణ ఇవ్వడమే దాని పని అన్నది.

నిజము చెప్పాలంటే ఆ చిత్రపు వాదన నాకు నచ్చదు. కులము పేరిట ఊరి బయట ఉంచబడిన వారి బిడ్డలము మనలో ఎందరమో ఉన్నాము. అలాటి చిత్రము మనకు గుచ్చుకుంటుంది. అయినా ఆ తీర్పు ఎవరిని కాపాడుతుందో ఆలోచించండి. రాయి వేస్తామని బెదిరించినవాడి మాటే చెల్లేటట్లయితే, వీధి కూటానికి మైకు పెట్టుకొనే మనమే మొదట నోరు మూసుకోవాలి. కన్నడ దేశములోనైనా, ఒడిశాలోనైనా, మహారాష్ట్రలోనైనా మనము వచ్చి స్థిరపడినవారము, కొద్దిమందిమి. "ఎక్కువమందికి నొచ్చింది, ఆపండి" అనే న్యాయము కొద్దిమందికి ఎన్నడూ మేలు చేయదు. ఆ రోజు మనము ప్రభుత్వము చేతికి ఇయ్యజూసిన కత్తెరకు మన పేరు వేరు, మన పొరుగువాని పేరు వేరు అని తెలియదు.

రెండు మంటలు

వాక్యములో పుస్తకాలు కాల్చిన సంఘటనలు రెండు మీకు తెలుసు.

ఒకటి అపొస్తలుల కార్యములలో, ఎఫెసు పట్టణములో. మాంత్రిక విద్య నడిపినవారు విశ్వసించి, తమ పుస్తకాలు తెచ్చి అందరి ఎదుట కాల్చారు. వెల లెక్క చూస్తే 50,000 వెండి రూకలయింది. ఆ పుస్తకాలు ఎవరివి? వారివే. తెచ్చిన చేతులు ఎవరివి? వారివే. నష్టము ఎవరికి? వారికే. పొరుగువాని ఇల్లు సోదా చేయించమని వారు అధికారుల దగ్గరికి వెళ్లినట్టు ఎక్కడా లేదు.

రెండవది యిర్మీయా గ్రంథములో. చలికాలము, రాజైన యెహోయాకీము కుంపటి ముందు కూర్చున్నాడు. యెహూది ప్రవక్త మాటలున్న చుట్టను చదువుతున్నాడు. మూడు నాలుగు వరుసలు చదివేసరికి రాజు చాకుతో కోసి కుంపటిలో వేశాడు. చుట్ట అంతా అయిపోయేవరకు అలాగే చేశాడు. అది రాజు చేతి కత్తెర. తనకు నొప్పి కలిగించిన మాటను దేశములో ఎవరూ వినకూడదని వేసిన మంట. చివరికి ఏమయింది? యిర్మీయా చెప్పగా బారూకు మరొక చుట్ట వ్రాశాడు. మొదటి దానికంటె ఎక్కువ మాటలు అందులో చేరాయి.

ఈ రెండు మంటలూ దూరము నుండి చూస్తే ఒకేలా ఉంటాయి. దగ్గరికి పోతే ఒకటి మారుమనస్సు, రెండవది భయము. నా ఇంట్లో టీవీ ఆపివేయడము ఎఫెసు మంట. నా పొరుగువాని టీవీ ఆపమని అధికారిని పంపడము యెహోయాకీము కుంపటి.

అదే ఎఫెసు అధ్యాయములో ఇంకొక సంగతి ఉన్నది, అది చదివినప్పుడెల్లా నాకు సిగ్గు వేస్తుంది. పౌలు మాటల వలన తమ దేవత ఘనతకు భంగము వచ్చిందని దేమేత్రియు జనాన్ని రేపాడు. జనము నాటకశాలలో చేరి రెండు గంటలు కేకలు వేశారు. తాము ఎందుకు కూడారో వారిలో ఎక్కువమందికి తెలియదని లూకా వ్రాశాడు. గుడి వాకిట్లో సంతకము పెట్టిన నాడు నేను పౌలు పక్కన లేను, ఆ గుంపులో ఉన్నాను. ఆ గుంపును సద్దుమణిగించినది ఎవరు? పట్టణపు కరణము. ఫిర్యాదు ఉంటే న్యాయసభలు తెరిచే ఉన్నాయి గదా అన్నాడు.

మన పితరులు కూడా ఈ దారిలో నడిచినవారే. ఇంగ్లండులో తొలి బాప్టిస్టు కాపరులలో ఒకడైన థామస్ హెల్విస్, మనుష్యుల ఆత్మ మీద రాజుకు అధికారము లేదని 1612లో పుస్తకము వ్రాశాడు. తనవారి కొరకే కాదు, యూదులకూ ముస్లిములకూ తప్పుబోధ చేసేవారికీ కూడా ఆ స్వేచ్ఛ కావాలన్నాడు. దాని నిమిత్తము న్యూగేట్ చెరసాలలో వేయబడి అక్కడే మరణించాడు. అనుమతి లేకుండా బోధించినందుకు జాన్ బన్యన్ 12 ఏండ్లు బెడ్‌ఫర్డు చెరలో ఉన్నాడు. కత్తెర దెబ్బ తిన్నవారి సంతానము కత్తెర అడగడము ఎంత వింత!

మూడు అభ్యంతరాలు

"ప్రభువును దూషిస్తుంటే ఊరుకోవాలా?" అని ఒక సహోదరి నన్ను అడిగారు. ఊరుకోవద్దు. మాట్లాడండి, వ్రాయండి, ఆ సినిమాకు పోకండి, పోవద్దని చెప్పండి. ఇవన్నీ మన స్వేచ్ఛలో భాగమే. కాని సిలువ దగ్గర ఎగతాళి చేసినవారి నోరు మూయించడానికి ప్రభువు సైన్యాన్ని పిలువలేదు. ఆయన గౌరవము జిల్లా కలెక్టరు ఉత్తర్వు మీద ఆధారపడి లేదు.

"బలహీనుల సంగతి ఏమిటి, పిల్లల సంగతి ఏమిటి?" ఇది న్యాయమైన ప్రశ్న. పిల్లలకు కాపలా ఉండాలి. వయసు గుర్తులను థియేటర్లు పాటించేటట్లు మనము పట్టుబట్టాలి. కాని ఈ రోజు ప్రతి చేతిలో ఫోను ఉన్నది. హాలులో ఆపిన చిత్రము దుప్పటి కింద ఆడుతుంది. నిషేధించామన్న తృప్తితో తండ్రి నిద్రపోతాడు, కొడుకు మేలుకొని చూస్తాడు. 2006లోనే మా వాడు చెప్పాడు, నిషేధము పేపర్లో పడ్డాక ఆ పేరు వినని స్నేహితులు కూడా దొంగ సీడీ కోసము వెదికారట.

"అయితే హద్దే లేదా?" ఉన్నది. పసిబిడ్డను చెరచి తీసిన బొమ్మను ఆపవలసిందే, తీసినవానిని శిక్షించవలసిందే. ఫలానా పేటవారిని చంపండని పురికొల్పేదానిని ఆపవలసిందే. అక్కడ ఒక మనిషికి హాని జరుగుతున్నది. నా మనసు నొచ్చుకోవడము అలాటి హాని కాదు. ఈ రెంటి మధ్య గీత ఎప్పుడూ తేటగా ఉండదని ఒప్పుకుంటాను. ఒక జనాన్ని చిత్రము తరువాత చిత్రములో దొంగలుగా చూపిస్తే, ఆ నొప్పి ఎప్పుడు హానిగా మారుతుందో కొలిచే త్రాసు నా దగ్గర లేదు. అయినా ఒక్క మాట. చెడ్డ మాటకు రేపు మంచి మాటతో జవాబు చెప్పవచ్చును. చెప్పనియ్యని మాటకు జవాబు చెప్పేదెట్లా?

మా దగ్గర జవాబు లేని రోజు

నిషేధము కొట్టివేసిన కొద్ది వారాలకు మా తమ్ముని కొడుకు యౌవనస్థుల కూటములో లేచి నిలబడ్డాడు. వాడు ఆ నవల చదివాడు. పుస్తకము మీద మన రాష్ట్రములో నిషేధము లేదు గదా! "నీకయ సభలో ఓట్లు వేసి యేసును దేవుడన్నారని ఇందులో ఒక పాత్ర చెబుతుంది. అది నిజమేనా? నాలుగు సువార్తలే ఎందుకు ఉన్నాయి?" అని అడిగాడు. గది నిశ్శబ్దమయింది. సంతకాలు పెట్టినవారము ఏడుగురము ఆ గదిలో ఉన్నాము. ఒక్కరికీ జవాబు తెలియదు.

అప్పుడు నాకు అర్థమయింది. మేము అడిగిన నిషేధము ప్రభువు గౌరవాన్ని కాపాడడానికి అనుకున్నాము. నిజానికి అది మా అజ్ఞానాన్ని కాపాడింది.

తరువాత నాలుగు శనివారాలు కాపరిగారు, మేము, ఆ పిల్లలు కూర్చుని చదివాము. క్రీస్తు శకము 325లో జరిగిన నీకయ సభలో ముఖ్య వివాదము అరియు బోధను గూర్చినదని, బైబిలు పుస్తకాల పట్టిక అక్కడ తేల్చలేదని తెలుసుకున్నాము. ఆ సభకు ఎంతో ముందే, దాదాపు 180లో, ఐరేనియసు నాలుగు సువార్తల గూర్చి వ్రాశాడని, 27 పుస్తకాల పట్టిక 367లో అతనాసియసు వ్రాసిన లేఖలో ఉన్నదని చదివాము. రెండు ప్రశ్నలకు మాకు పూర్తి జవాబు దొరకలేదు. దొరకలేదనే పిల్లలతో చెప్పాము. ఆ నెలలో యౌవనస్థుల కూటానికి ఎన్నడూ రాని పిల్లలు కూడా వచ్చారు.

ప్రియులారా, మరల ఎవరైనా గుడి వాకిట్లో అటువంటి కాగితము తెస్తే మూడు పనులు చేయండి. మొదట, దానిని తెచ్చినవారు ఆ చిత్రము చూశారా అని అడగండి. రెండవది, ఇదే కాగితము మనకు విరోధముగా పొరుగువారు తెస్తే మనము న్యాయమంటామా అని ఆలోచించండి. మూడవది, సంతకము పెట్టే ముందు మీ ఇంట్లో పిల్లవానిని పిలిచి, వాడి ప్రశ్న ఏమిటో వినండి.

మా వాడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగము చేసుకుంటున్నాడు. పండుగకు వచ్చినప్పుడు ఇప్పటికీ ఏదో ఒక ప్రశ్న తెస్తాడు. కొన్నిటికి జవాబు చెబుతాను, కొన్నిటికి కలిసి వెదుకుతాము. సంతకము మాత్రము చూడకుండా పెట్టడము మానుకున్నాను.

మన ఇంట్లో కాల్చవలసినది కాల్చుకొనే ధైర్యమును, పొరుగువాని మాటకు జవాబు చెప్పే జ్ఞానమును ప్రభువు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.